అట్టల బాబాయి వెయ్యని ఓటు

మా వీధిలో అట్టల బాబాయి ఎవరికీ సొంత బాబాయి కాడు. పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి. వయసు అరవైకి అటూ ఇటూ. ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. అలాంటివాళ్ళకు వీధి వీధంతా ఏదో ఒక వరుస కలిపేసుకుంటుంది. ఆయన బాబాయి అయ్యాక ఆయన భార్య పిన్ని కాక తప్పలేదు. ఆయన అక్కగారు, భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా తమ్ముడి దగ్గరే ఉంటున్నావిడ, అత్తయ్య అయింది. ఆవిడకు మాత్రం ఈ ఏర్పాటు అంతగా రుచించలేదు. ఇంతమంది మేనల్లుళ్ళు ఉండి కూడా ఒక్కడూ పండుముక్క తెచ్చిపెట్టడని దెప్పుతూ ఉండేది.

ముగ్గురిదీ ఒకటే పని, ఒకటే గది. వీధి తలుపు పక్కన పొడుగాటి బల్ల, బల్ల కింద అట్టముక్కల గుట్ట, కిటికీలో జిగురు గిన్నె. గోడవారగా పుస్తకాలను నొక్కిపెట్టే ఇనప మర. దాని చక్రం తిప్పినప్పుడల్లా పక్కింటి గోడకున్న ఫోటోలు వంకర తిరుగుతాయి. ఆ పక్కిల్లు మాది. అత్తయ్య కాగితాలు మడుస్తుంది, పిన్ని ఆ మడతలను దారంతో కుడుతుంది, బాబాయి అంచులు కోసి అట్ట వేస్తాడు.

ఆ మడత గురించి కాస్త చెప్పాలి. కాగితానికి ఒక వాలు ఉంటుందట. దాని ప్రకారం మడిస్తే మాట వింటుంది, దానికి అడ్డంగా మడిస్తే చిట్లుతుంది. అందుకని వాళ్ళు ముందు వేళ్ళతో కాగితాన్ని తడిమి వాలు చూస్తారు. తర్వాత మూలకు మూల కలుపుతారు. ఆఖరున బొటనవేలి గోరుతో ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క లాగు. ఆ గీత మీద కాగితం కత్తిలా నిలబడుతుంది. పనిలోనే కాదు, వాళ్ళ చేతికి ఏ కాగితం వచ్చినా ఇంతే. కరెంటు బిల్లు అయినా, మందుల చీటీ అయినా. పిన్ని దుప్పట్లు కూడా అలాగే మడుస్తుంది. వాటిని చూసొచ్చి మా ఆవిడ నన్ను ఎన్నిసార్లు సాధించిందో నేను చెప్పను.

ఇల్లు గడిచేది మాత్రం స్కూలు పిల్లల పుస్తకాలతో కాదు. వార్డు ఆఫీసువాళ్ళ రిజిస్టర్లతో. పుట్టినవాళ్ళ రిజిస్టరు, పోయినవాళ్ళ రిజిస్టరు, ఇంటి పన్నులది, కుళాయిలది, ఫిర్యాదులది. ఏడాదికోసారి ఆఫీసునుంచి విడి కాగితాలు బండిమీద వస్తాయి, మూడు నెలలపాటు ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు. ఆ బండి రాకపోతే వాళ్ళ ముగ్గురికీ వేరే దారి లేదు. ఈ సంగతి బాబాయికి తెలుసు, మా వీధికి తెలుసు, వార్డు మెంబరుకూ తెలుసు.

వార్డు మెంబరంటే కలప డిపో ఆయన. ఒకసారి గెలిచి ఉన్నాడు, రెండోసారి నిలబడ్డాడు. ఆయనకు ఎదురుగా నిలబడింది, అవతలి వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మ. జెండా లేదు, బండి లేదు, వెనక పదిమంది లేరు. ఒక గొడుగు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది.

మా వీధి పల్లంలో ఉంది. గట్టి వాన పడితే నీళ్ళు వీధిలోంచి ఇళ్ళలోకి, ఇళ్ళలోంచి మంచాల కిందికి వస్తాయి. మాకు కావలసింది ఒక్క కాలవ. డిపో ఆయన ఒక సాయంత్రం వచ్చి టీకొట్టు ముందు నిలబడ్డాడు. కాలవ తవ్విస్తానన్నాడు. మేము సంతోషించేలోగా ఇంకో మాట అన్నాడు.

"కానీ ఈ వీధినుంచి ఒక్క ఓటు కూడా పక్కకు పోకూడదు. మీరంతా ఒక మాట మీదుంటే నేనూ మాట మీదుంటాను. సరేనా? సరే అన్నవాళ్ళు చేతులెత్తండి."

అందరం ఎత్తాం. నా కుడిచేతిలో కూరగాయల సంచి ఉంది, దాంతోనే ఎత్తాను. ముందు వరసలో ఉన్న పిండిమర ఆయన నెత్తిమీద ఒక వంకాయ పడింది. ఆయన కూడా చెయ్యెత్తి ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేకపోయాడు.

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. డిపో ఆయనకు ఓడిపోతానన్న భయం లేదు. వార్డు మొత్తంలో ఆయనే గెలుస్తాడని చిన్నపిల్లలకూ తెలుసు. మరి ఒక్క ఓటు కూడా పోకూడదని ఎందుకన్నట్టు? మమ్మల్ని ఓట్లు అడగడానికి రాలేదనీ, మేము ఎంతవరకు చేతులెత్తుతామో చూసిపోదామని వచ్చాడనీ నాకనిపించింది. అనిపించి ఏం చేశానంటే, ఇంటికొచ్చి సంచిలో మిగిలిన వంకాయలు లెక్కపెట్టుకున్నాను.

మర్నాడు నర్సమ్మ వచ్చింది. కాలవ తవ్వించడం ఒక్క మనిషి చేతిలో లేదనీ, కౌన్సిల్లో గట్టిగా అడుగుతాననీ, అంతకుమించి మాటివ్వలేననీ చెప్పింది. ఇలా చెబితే ఓట్లెక్కడ పడతాయి? అందరం ఆవిడకు కుర్చీ వేశాం, మంచినీళ్ళిచ్చాం, వీధి చివరిదాకా సాగనంపాం. మా పిల్లలందరికీ సూదిమందు వేసింది ఆవిడే. ఆవిడ వెళ్ళాక ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

ఓట్లు వేసింది స్కూల్లో, రెండో తరగతి గదిలో. పొట్టి బెంచీలు, గోడమీద ఎక్కాలు. మూల ఒక అట్టపెట్టె చాటున ఓటు ముద్ర గుద్ది, కాగితం మడిచి, తాళం వేసిన పెట్టెలో వెయ్యాలి. వీధికొక పెట్టె. దేని లెక్క దానిదే. దీన్ని రహస్య ఓటు అంటారు. పదివేల మందిలో రహస్యం రహస్యంగానే ఉంటుంది. మా వీధి పెట్టెలో పడింది నూట ఇరవై ఎనిమిది ఓట్లు. అంతమందిలో దుప్పటి కప్పుకుని దాక్కున్నా కాళ్ళు బయటికి కనిపిస్తాయి.

లెక్క తేలింది. డిపో ఆయన వార్డు మొత్తంమీద భారీగా గెలిచాడు. మా వీధి పెట్టెలో ఆయనకు నూట ఇరవై ఏడు, నర్సమ్మకు ఒకటి.

లెక్క దగ్గర డిపో ఆయన తరఫున కూర్చున్నది మా టీకొట్టాయన. నర్సమ్మ తరఫున కూర్చోవడానికి ఎవరూ లేరు. ఓట్లు విప్పిన ఉద్యోగులు వేరే ఊరివాళ్ళు, పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. కాబట్టి ఆ గదిలో ఏం జరిగిందో మాకు చెప్పగలిగింది ఒక్క టీకొట్టాయనే. ఆయన చెప్పాడు కూడా. అందరూ ఓటు కాగితం ఏదో నలిపి పడేస్తారట. ఆ ఒక్క కాగితం మాత్రం మూలకు మూల కలిసి, మడత మీద గోటి గీతతో, కొత్త పుస్తకంలోంచి తీసినట్టు ఉందట. ఆయన పేరేమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది. టీ తాగుతున్న పదిమందిమీ ఒకేసారి బాబాయి ఇంటివైపు తిరిగాం.

రెండు రోజుల తర్వాత డిపో ఆయన ఓటర్లకు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి బయల్దేరాడు. మా వీధి మొదట్లోనే బండి ఆపించాడు. లోపలికి రాలేదు. చిరునవ్వుతోనే అన్నాడు, మీ వీధి మాట పూర్తిగా నిలబడలేదు, కాలవ సంగతి చూద్దాం అని. బండి వెనక్కి తిరిగింది.

ఆ రోజునుంచి బాబాయి వీధిలో నడుస్తుంటే జనానికి హఠాత్తుగా చెప్పుల్లో రాళ్ళు దొరకడం, ఇంట్లో పొయ్యిమీద ఏదో గుర్తుకు రావడం మొదలైంది. నేనూ తక్కువ తినలేదు. మా అమ్మాయి డిక్షనరీ అట్ట కోసం వాళ్ళింట్లో ఉంది. దాన్ని అట్ట లేకుండానే వెనక్కి తెచ్చుకుందామని వెళ్ళాను. పరీక్షలున్నాయి, అర్జెంటన్నాను. అప్పుడు సెలవులు. పిన్ని డిక్షనరీ చేతికిచ్చింది. అట్ట అప్పటికే వేసి ఉంది, జిగురు కూడా ఆరిపోయింది. ఆ సిగ్గుతో అరగంట కూర్చుండిపోయాను. ఆ తర్వాత రోజూ వెళ్ళి కూర్చోవడం అలవాటైంది. ఇకమీద చెప్పబోయేవి కొన్ని బాబాయి చెప్పినవి, కొన్ని పిన్ని చెప్పినవి. రెండూ కలవని చోట అత్తయ్య చెప్పింది నమ్మాను.

అసలు సంగతేమిటంటే, బాబాయి డిపో ఆయనకే ఓటేశాడు. అట్టపెట్టె చాటున ముద్ర పట్టుకుని నిలబడ్డప్పుడు ఆయనకు కాలవ గుర్తు రాలేదు, ఎత్తిన చెయ్యీ గుర్తు రాలేదు, రిజిస్టర్ల బండి గుర్తొచ్చింది. గుద్దేశాడు. గుద్ది, అలవాటు కొద్దీ వాలు చూసి, మూలకు మూల కలిపి, గోరుతో లాగి, పెట్టెలో వేశాడు. వేశాక నర్సమ్మ మొహం గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

కాబట్టి నర్సమ్మకు పడ్డ ఓటు ఆయనది కాదు. టీకొట్టాయన మాట నిజమైతే మాత్రం అది ఆ ఇంటి మడతే. ఇంట్లో ఆ మడత తెలిసిన చేతులు మూడు జతలు. ఒక జత ఆయనవి. మిగిలినవి రెండు.

బాబాయి మొదట పిన్నిని అనుమానించాడు. పోయినేడు పిన్ని తొమ్మిది రోజులు జ్వరంతో పడుకుంటే నర్సమ్మ రోజూ వచ్చి చూసి వెళ్ళింది. పైగా ఓట్ల రోజునుంచి పిన్ని మాట తగ్గింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆవిడ మాట తగ్గడం ఆయన చూడటం అదే మొదలు. మర్నాడు అనుమానం అక్కగారి మీదికి మళ్ళింది. పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ ఒకరు చెప్పిన పని చేసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం అందరూ చేతులెత్తినప్పుడు ఆవిడ కూడా ఎత్తింది గానీ, చెవి గోక్కున్నంత ఎత్తే ఎత్తిందని ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

నేరుగా అడిగే ధైర్యం లేదు. అడిగితే నువ్వెవరికి వేశావని ఎదురు అడుగుతారు. అందుకని వల పన్నాడు. భోజనాల దగ్గర, ఎటో చూస్తూ, పాపం నర్సమ్మ ఓడిపోయింది అన్నాడు. పిన్ని పాపం అంది. అత్తయ్యా పాపం అంది. వల ఖాళీగా వచ్చింది. ఇంకో రోజు ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి మడవమన్నాడు, తనూ ఒకటి మడిచాడు. మూడింటినీ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా దొరుకుతుందేమోనని. జిగురు గిన్నె పొంగుతోందని పిన్ని కేకేస్తే వెళ్ళొచ్చేసరికి కాగితాలు గాలికి అటూ ఇటూ అయ్యాయి. తను మడిచింది ఏదో తనకే తెలియలేదు.

అవతలి వైపునుంచి ఆడవాళ్ళు చేస్తున్నదీ ఇదే. పిన్ని నన్ను వంటింటి గుమ్మంలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"మీ బాబాయి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే బాబూ. మెత్తగా ఉండే మనిషి ఎప్పుడేం చేస్తాడో చెప్పలేం. అరిచేవాళ్ళయితే ముందే తెలిసిపోతుంది."

మరి అత్తయ్య వేసి ఉండొచ్చు కదా అన్నాను. వదినగారి విషయం తనేమీ మాట్లాడనంది, మాట్లాడకుండానే పావుగంట మాట్లాడింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఒకరు మడిచింది ఒకరు కుట్టి, ఒకరు కుట్టింది ఒకరు కోస్తూ, ఒకరినొకరు వారగా చూసుకుంటూ రెండు వారాలు గడిపారు.

ఆఖరికి విసుగెత్తింది అత్తయ్యకే. ఒక పొద్దున చెప్పులేసుకుని నేరుగా టీకొట్టుకు వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, ఆ ఒక్క కాగితానికి మా ఇంటి మడత ఉందని చెప్పావట?"

"నేను ఎవరి పేరూ చెప్పలేదు అత్తయ్యా."

"పేరు చెప్పనక్కర్లేదులే. మా ఇంట్లో ఓట్లు మూడు. మూడింటికీ అదే మడత. ఒకటి నర్సమ్మకు పడితే మిగతా రెండూ మీ డిపో ఆయనకే పడ్డాయి కదా. ఆ రెండింటి మడతా చూశావా?"

టీకొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు. అబద్ధం చెప్పే మనిషిలా మాత్రం అనిపించలేదు.

"మనవైపు పడ్డ ఓటు మడత ఎవరు చూస్తారు అత్తయ్యా?"

ఆవిడ గెలిచానని ఇంటికి వచ్చింది. నిజానికి పని చెడింది. అప్పటిదాకా వీధి మొత్తం బాబాయినే అనుకుంటోంది. ఇప్పుడు ముగ్గురిలో ఒకరు అని తెలిసింది. ఎవరన్నది తేల్చుకోకపోతే వీధికి నిద్ర పట్టేలా లేదు. కాలవ ఆగిపోయింది వీళ్ళలో ఒకరి వల్లనే కదా అని పిండిమర ఆయన నాతో అన్నాడు. నూట ఇరవై ఎనిమిదీ పడి ఉంటే మాత్రం తవ్వేవాడా అని నేను అడగబోయాను. వంకాయ గుర్తొచ్చి ఊరుకున్నాను.

రిజిస్టర్ల నెల వచ్చింది. కాగితాలు ఆఫీసు వరండాలో దొంతరలుగా పేర్చి ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు. బండి మాత్రం రాలేదు. వారం చూసి బాబాయి ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా తల ఎత్తకుండానే, మెంబరుగారు డిపోకు ఒకసారి రమ్మన్నారు అన్నాడు.

వెళ్ళే రోజు పిన్ని చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. నోరు జారకండి, అంది. అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పు, అంది. ఈ రెండు మాటల్లో ఏది ఆ ఓటు వేసినవాళ్ళ భయమో తేల్చుకుంటూ ఆయన డిపో దాకా నడిచాడు. చెప్పవలసిన వాక్యం ఒకటి తయారుగా ఉంది. నేను మీకే వేశానండీ. అంతే. అందులో అక్షరం అబద్ధం లేదు.

డిపో ఆయన ఎదురొచ్చి మరీ తీసుకెళ్ళాడు. రంపం మర ఆపించాడు. ఆ చప్పుడు ఆగాక అంత పెద్ద షెడ్డూ చెవులు మూసుకుపోయినట్టయింది. టీ తెప్పించాడు. టీ మీద సన్నగా రంపప్పొట్టు తేలుతోంది. మీరంటే నాకు గౌరవం, మా డిపో పుస్తకాలు మా నాన్న రోజులనుంచి మీ ఇంట్లోనే కట్టిస్తున్నాం, అన్నాడు. తనకెవరిమీదా కోపం లేదన్నాడు. ప్రజాస్వామ్యంలో ఎవరి ఓటు వారిదన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

"మీ ఇంట్లో మూడు ఓట్లట కదా. ఎవరిదో తెలిస్తే చాలు. ఊరికే తెలుసుకుందామని. కాగితాలు రేపే పంపిస్తాను."

బాబాయి నోరు తెరిచాడు. వాక్యం నాలిక చివర ఉంది. అప్పుడే, ఆయన చెప్పడం ప్రకారం, ఒక చిన్న లెక్క అడ్డం వచ్చింది. మూడులోంచి తనను తీసేసుకుంటే రెండు మిగులుతాయి. వెంటనే వచ్చే ప్రశ్న, అయితే ఇద్దరిలో ఎవరు అని. పిన్ని అంటే సగం అబద్ధం కావచ్చు, అక్క అంటే సగం అబద్ధం కావచ్చు. ఏదన్నా, అన్న తర్వాత ఆ బల్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళెదురుగా కూర్చోవాలి.

"నాదేనండీ" అన్నాడు.

డిపో ఆయన ఇది ఊహించలేదు. కప్పు కింద పెట్టాడు. మీరా, ఎందుకు అన్నాడు. ఇది బాబాయి తయారు చేసుకురాలేదు. వెయ్యని ఓటుకు కారణం ఎక్కడినుంచి తెస్తాడు? తీరా వెతికితే దొరికిందట. ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు దొరికిందట.

"మీరో మాటిచ్చారు, మేమో మాటిచ్చాం. మేమిచ్చింది పెట్టె విప్పి ఒక్కొక్కటీ లెక్క చూసుకున్నారు. మీరిచ్చింది చూసుకోవడానికి మాకు పెట్టె లేదు కదండీ. అందుకని ఒకటి అట్టేపెట్టుకున్నాను."

డిపో ఆయన గట్టిగా నవ్వాడు. నిజం చెప్పారు, అదే నాకు కావలసింది అని చెయ్యి కలిపాడు, గేటు దాకా వచ్చాడు. వెనక రంపం మళ్ళీ మొదలైంది.

రిజిస్టర్ల కాగితాలు మర్నాడు రాలేదు. ఆ వారంలో బజారులో కొత్తగా పెట్టిన దుకాణానికి వెళ్ళాయి. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ చెడ్డ మాట అనలేదు. అడిగితే గుమాస్తా ఈ ఏడు పద్ధతి మారిందన్నాడు. ఏం పద్ధతో ఏ కాగితంలోనూ లేదు.

డిపోనుంచి వచ్చిన రోజున ఇంట్లో జరిగింది మాత్రం నేను కళ్ళారా చూశాను. బాబాయి చొక్కా విప్పి, మీద పడ్డ పొట్టు దులిపి, ఆ ఓటు నాదేనని చెప్పేశానన్నాడు. పిన్ని చేతిలో సూది ఆగింది.

"అబద్ధం ఎందుకాడారు? అది నాది" అంది.

"నోర్ముయ్యవే" అంది అత్తయ్య. "మొగుణ్ణి వెనకేసుకు రావడానికి ఇదా సమయం? అది నాది. నేను గుద్దాను, నేను మడిచాను."

"మీది కాదు వదినా. మీరు డిపో ఆయనకు వేశానని ఆరోజే నాతో చెప్పారు."

"చెప్పానులే. నువ్వూ నాతో అదే చెప్పావు."

పడింది ఒక్క ఓటు. ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. ఎవరన్నది వాళ్ళ మొహాల్లో వెతికాను, దొరకలేదు. బాబాయి కూడా వెతికాడు. ఆయన మొహంలో అనుమానం అంతకు ముందుకంటే ఎక్కువైంది. అయితే ఇప్పుడది అంత బాధ పెట్టే రకంగా లేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ముందు నాకింత మంచినీళ్ళివ్వండి అన్నాడు. ఇద్దరూ లేచారు.

బండి పోయిందన్న సంగతి ఖాయమయ్యాక వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. బాబాయి ఒక సంచి భుజాన వేసుకుని స్కూళ్ళకూ లైబ్రరీలకూ ఇళ్ళకూ తిరగడం మొదలుపెట్టాడు. అరవై ఏళ్ళ వయసులో తలుపులు తట్టి, చిరిగిన పుస్తకాలున్నాయా అని అడగాలంటే మొదట్లో నోరు పెగిలేది కాదట. నర్సమ్మ ఓట్లు అడిగినట్టే అడుగుతున్నావురా అని అత్తయ్య ఏడిపించేది. ఒకనాడు నేను ఆవిడ దగ్గర కూర్చుని, ఒక్క ఓటు వల్ల ఎంత పని జరిగింది చూడండి అని వాపోయాను. ఆవిడ మడుస్తున్న కాగితం మీదినుంచి కళ్ళు ఎత్తలేదు.

"నూట ఇరవై ఏడుగురు ఎవరో ఆయనకు గుర్తున్నారట్రా? ఒక్కరు కూడా లేరు. పిలిచి, టీ ఇచ్చి, ఎందుకు వేశావని అడిగింది ఆ ఒక్క ఓటు కోసమే. అంత విలువైంది ఒక్కటి పడింది మన పెట్టెలో. మిగతావన్నీ లెక్కకు పనికొచ్చాయి, అంతే."

నాది ఆ లెక్కకు పనికొచ్చినవాటిలో ఉంది.

మొదటి వానాకాలం గడిచింది. కాలవ కోసం వీధి పొడుగునా తెల్ల సున్నం గీత ఒకటి గీశారు, వానకు పోయింది. రెండో వానాకాలంలో నీళ్ళు మంచం అంచుల దాకా వచ్చాయి. వీధిలో మాట మెల్లగా తిరగడం మొదలైంది. పిండిమర ఆయన ఒకరోజు బాబాయిని పక్కకు పిలిచి, ఎవరికీ చెప్పొద్దు గానీ ఆ ఓటు నిజానికి నాదేనన్నాడు. మా వీధిలోనే ఉండే రిటైరైన మాస్టారు అంత సూటిగా చెప్పకుండా, ఎదురీత ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని నవ్వి వెళ్ళారు. అన్నిటికంటే టీకొట్టాయన మాటకు బాబాయి రెండు రోజులు తేరుకోలేకపోయాడు. ఓటు వేసింది తనేననీ, లెక్క తేలగానే తనమీదికి వస్తుందేమోనని భయమేసి మడత కథ అప్పటికప్పుడు అల్లేశాననీ చెప్పి, చేతులు పట్టుకున్నాడట. అది నిజమా, లేక జనం ఇప్పుడు డిపో ఆయన పేరెత్తితే మొహం తిప్పుకుంటున్నారు కాబట్టి అల్లిన ఇంకో కథా? ఆ గదిలో ఉన్నది ఆయనొక్కడే. అప్పుడూ ఆయన మాటే, ఇప్పుడూ ఆయన మాటే.

ఆ వానాకాలంలోనే మా బావమరిది చూడ్డానికి వచ్చాడు. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. ఇద్దరం మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. అలమర కింది అరలో పుస్తకాలన్నీ తడిసి ఉబ్బిపోయాయి. ఇలాంటివాణ్ణి ఎలా గెలిపించారు బావా అన్నాడు. ఆ అడిగిన తీరులో కొంచెం వెటకారం ఉంది. అక్కను ఎవరికిచ్చామా అన్న ఆలోచన కూడా ఉందేమో. నేను కిటికీలోంచి వానను చూస్తూ, మా వీధి మొత్తంలో ఒక్కటే ఎదురు ఓటు పడిందన్నాను. ఎవరిదని అడిగాడు. చెప్పకూడదు గానీ, అని ఊరుకున్నాను. వాడి కళ్ళలోకి గౌరవం రావడం చూశాను. ఎంత హాయిగా ఉందంటే, నిజంగానే వేశానేమోనని నాకే అనిపించింది.

అప్పుడు చూశాను, గుమ్మంలో బాబాయి. పంచె పైకి దోపుకుని, సంచి నెత్తిమీద పెట్టుకుని, నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తడిసిన పుస్తకాలు కట్టడానికి తీసుకెళ్దామని వచ్చాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన లోపలికి వచ్చి, అలమర దగ్గర వంగి, ఉబ్బిన పుస్తకాలను ఒక్కొక్కటే పైకి తీశాడు. నావైపు చూడకుండానే, మామూలు గొంతుతోనే అన్నాడు.

"మా ఇంట్లో ముగ్గురు, బయట ముగ్గురు. నీతో ఏడుగురయ్యారు. ఆ డిక్షనరీ కూడా ఇలా ఇవ్వు, ఆరిపోతే పేజీలు విడిరావు."